ఊసరవెల్లికి కాస్త ఎండ

“తొండ ముదిరి ఊసరవెల్లి అయింది” అన్న సామెత తెలియని తెలుగువాడు ఉండడు. నాయకుడు పార్టీ మారినా, స్నేహితుడు మాట మార్చినా, అప్పు తీసుకున్నవాడు మొహం చాటేసినా మన నోటికి ముందుగా వచ్చే తిట్టు ఊసరవెల్లే. జంతుశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి కాబట్టి ఈ సామెతతో నాకు రెండు పేచీలున్నాయి. మొదటిది, తొండ ఎంత ముదిరినా తొండే. దాని కుటుంబం వేరు, దీని కుటుంబం వేరు. రెండోది, ఊసరవెల్లి ఎవరినో మోసం చెయ్యాలని రంగు మార్చదు. పక్కనున్న గోడ ఏ రంగులో ఉంటే ఆ రంగు పూసుకుంటుందన్నది చాలావరకు కట్టుకథ. ఒంటికి చలేస్తే నల్లబడుతుంది, వేడెక్కితే పాలిపోతుంది. కోపమొచ్చినా, భయమేసినా, జత కావాలనిపించినా ఆ సంగతి చర్మం మీద అచ్చేసినట్టు చూపిస్తుంది. లోపలున్నది దాచుకోలేని జీవి అది. దాని పేరు పెట్టి మనుషుల్ని తిడితే అవమానం ఎవరికో మీరే ఆలోచించండి.

సావనీరులో తోటి విద్యార్థులు నిరుద్యోగం మీద, పరీక్షల మీద, వరకట్నం మీద రాస్తుంటే వీడికి రాయడానికి ఊసరవెల్లి దొరికిందా అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి. సెల్‌ఫోన్లో రంగురంగుల ఊసరవెల్లి వీడియో చూసి “మామా, ఇది ఎంతకొస్తుందిరా?” అని నన్నడిగినవాళ్ళు మన హాస్టల్లోనే నలుగురున్నారు. ఆ నలుగురి కోసమైనా ఇది రాయాలనిపించింది. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఒక ఊసరవెల్లిని బోనులో పెట్టిన క్షణం నుంచీ దానికి మనం ఎండ బాకీ పడ్డట్టే. అది మనం దయతలచి చేసే ఉపకారం కాదు, తీర్చవలసిన అప్పు. తీర్చేటప్పుడు కూడా పక్కనే కూర్చుని కాపలా కాయాలి. అంత తీరిక లేనివాడు పెంచుతానన్న మాటే ఎత్తకూడదు. మన దేశంలో అయితే సంగతి ఇంకా వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మా పెద్దమ్మ కొడుకు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ పాప పుట్టినరోజుకి అక్కడ ఒక దుకాణంలో ఊసరవెల్లిని కొనిచ్చాడు. అక్కడ అది నేరం కాదు. యెమెన్ ప్రాంతపు జాతి అది. తలమీద కిరీటంలా లేచిన ఎముక, ఆకుపచ్చ ఒంటి మీద పసుపు పట్టీలు. మగది తోకతో కలిపి అడుగున్నర దాకా పెరుగుతుంది. బోనుల్లోనే పిల్లలు చేయించి అమ్ముతారట. అన్న దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను కిటికీ పక్కన ఉంచాడు. “ఎండ బాగా తగుల్తుందిరా” అని వీడియోలో నాకు చూపించాడు కూడా. ఎనిమిది నెలలు తిరిగేసరికి దాని ముందుకాళ్ళు విల్లులా వంగాయి. కొమ్మ పట్టుకోలేక జారిపోతోంది. డాక్టరు ఎక్స్‌రే తీసి ఎముకలు మెత్తబడ్డాయని చెప్పాడు.

పొద్దస్తమానం ఎండ పడే కిటికీ పక్కనున్నదానికి ఎండ తక్కువ కావడమేమిటి? ఇక్కడే ఉంది కిటుకు. సూర్యరశ్మిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలుంటాయి. వాటిలో సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి చర్మం మీద పడ్డప్పుడు, చర్మంలోని కొలెస్ట్రాల్ వంటి ఒక పదార్థం డి విటమిన్‌గా మారే పని మొదలవుతుంది. ఆ విటమిన్ లేకపోతే తిన్న తిండిలోని కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. అప్పుడు శరీరం తన ఎముకల్లోంచే తోడుకోవడం మొదలుపెడుతుంది. పంట రాని ఏడు విత్తనాల కాయలు వండుకు తిన్నట్టు. మామూలు కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, ఈ కిరణాలను మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం వెనకున్న ఊసరవెల్లికి ఎండ కనబడుతుంది గానీ అందదు. మన చిన్నపిల్లల్లో దొడ్డికాళ్ళు తెచ్చే రికెట్స్ జబ్బు వెనకాల ఉన్న కథా ఇదే.

ఇందుకోసం ప్రత్యేకమైన దీపాలు అమ్ముతారు. అవి పనిచేస్తాయి, కాదనను. అయితే నెలలు గడిచేకొద్దీ వాటిలో ఆ కిరణాల బలం తగ్గిపోతుంది, వెలుగు మాత్రం మునుపటిలాగే ఉంటుంది. చూసేవాడికి దీపం వెలుగుతూనే కనబడుతుంది, బోనులో ఉన్నది మాత్రం లోపల్లోపల డొల్లవుతూ ఉంటుంది. నాలుగు రోజులకోసారైనా అసలు ఎండ చూపించడం కంటే మేలైనది లేదంటారు అనుభవమున్నవాళ్ళు.

2009లో అమెరికా పరిశోధకులు మడగాస్కర్‌కు చెందిన ఒక జాతి ఊసరవెల్లుల మీద చేసిన పని ప్రచురించారు. తిండిలో డి విటమిన్ తక్కువైన ఊసరవెల్లులు అతినీలలోహిత కిరణాలు పడే చోటికి ఎక్కువగా వెళ్ళాయి. తిండిలో సరిపడా అందినవి తక్కువగా వెళ్ళాయి. ఒంట్లో నిల్వ ఎంతుందో ఎవరో లెక్క చెప్పినట్టే నడుచుకున్నాయన్నమాట. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అనుకోకండి. దానికి తెలుసు, మనకే తెలియదు. అందువల్ల ఎండ ఇవ్వడమంటే ఎండలో నిలబెట్టడం అని అర్థం చేసుకోకూడదు. ఎండా నీడా రెండూ దగ్గరదగ్గరగా పెట్టి, ఎంత కావాలో తేల్చుకునే పని దానికే వదలాలి.

అన్న ఫోన్ చేసి “ఏరా, నువ్వు జువాలజీ కదా, డాక్టరు దీన్ని బయటికి తీసుకెళ్ళమంటున్నాడు. ఎట్లా తీసుకెళ్ళాలి? భుజం మీద ఎక్కించుకుని పెరట్లో తిరిగితే చాలదా?” అని అడిగాడు. “చాలదన్నా, కొంప మునుగుతుంది” అన్నాను. డాక్టరు చెప్పినదీ, నేను లైబ్రరీలో చదివినదీ కలిపి వాళ్ళు ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది.

మొట్టమొదట అద్దాల పెట్టెను బయటికి తీసుకుపోవడం మానెయ్యాలి. అద్దాలు మూసిన కారు ఎండలో ఉంటే లోపల ఎట్లా ఉడికిపోతుందో ఆ పెట్టె కూడా అంతే. నిమిషాల్లో ప్రాణం పోతుంది. అన్న నాలుగువైపులా జాలీ కొట్టిన నిలువుపాటి బోను ఒకటి చేయించాడు. గాలి ఆడుతుంది, కిరణాలు లోపలికొస్తాయి. బోనులో సగం మేర ఆకులు దట్టంగా ఉన్న కుండీ మొక్క పెట్టాడు, అది నీడ భాగం. మిగతా సగంలో అడ్డంగా రెండు పుల్లలు. బోను నేలమీద కాకుండా బల్లమీద ఉంటుంది. ఊసరవెల్లి కొమ్మల మీద బతికే ప్రాణి, మనుషులు పైనుంచి వంగి చూస్తే గద్ద వాలినంత భయం దానికి. టెక్సాస్‌లో నిప్పుచీమలని ఒక రకం ఉన్నాయి, బోనులో ఇరుక్కున్న ప్రాణిని బతకనివ్వవు. దానికి ఉపాయం నేను చెప్పలేదు, మా జేజి చెప్పింది. మా ఇంట్లో పాలూ పెరుగూ పెట్టే జాలీ బీరువా నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టి ఉంటాయి. “ఆ బల్లకి కూడా అట్లనే పెట్టమనప్పా” అంది ఫోన్లో. పెట్టారు. అంతరిక్షానికి రాకెట్లు పంపే దేశంలో మా జేజి నీళ్ళ గిన్నెలు చక్కగా పనిచేస్తున్నాయి.

సమయం పొద్దున్నే ఎనిమిదింటికి. వేసవిలో అక్కడ మధ్యాహ్నం మన అనంతపురంలాగే మండుతుంది, అప్పుడు బయటపెట్టడమంటే చంపడమే. మొదట్లో పదిహేను నిమిషాలు, తర్వాత మెల్లగా అరగంట, చల్లని రోజుల్లో ఇంకాస్త. బయట పెట్టగానే అది నల్లబడి, ఒళ్ళు పలకలా చదును చేసి ఒక పక్క సూర్యుడికేసి తిప్పుతుంది. వేడి తాగడం అంటే అదే. ఒళ్ళు వెచ్చబడ్డాక మళ్ళీ ఆకుపచ్చకి వస్తుంది. బాగా పాలిపోయి నోరు తెరిచిందంటే ఇక చాలని అర్థం. అప్పుడు కూడా నీడలోకి పోకపోతే బోనునే నీడలోకి జరపాలి. గిన్నెలో నీళ్ళు పెడితే అది సాధారణంగా ముట్టదు. ఆకుల మీద చిలకరిస్తే, జారే బొట్లను నాలుకతో అందుకుంటుంది.

ఇంకొక ముఖ్య విషయం పెరటి గడ్డి. అక్కడి ఇళ్ళ ముందు గడ్డికి కలుపు మందు, పురుగు మందు కొట్టడం మామూలట. రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి గనక ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మందు కొట్టిన చేలో చచ్చీచావని పురుగుల్ని తిన్న కోడి ఏమవుతుందో మా వీధిలో అందరూ చూసినవాళ్ళే. జాలీలోంచి దూరిన మిడత మందు తిన్న మిడత కాదని ఎవరు చెప్పగలరు? అందుకే మందు కొట్టని మూల చూసి, పొరుగువాళ్ళు కొట్టిన రోజున బయటికి తీయకుండా జాగ్రత్తపడుతున్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, కాపలా ఒక ఎత్తు. మా అన్న కూతురికి తొమ్మిదేళ్ళు. బోను పక్కన కుర్చీ వేసుకుని హోంవర్కు చేసుకుంటూ కూర్చుంటుంది. పిల్లి రావచ్చు, కుక్క రావచ్చు, జాలీ మీద కాకి వాలి పొడవవచ్చు. మనం ఫోనొచ్చిందని లోపలికెళ్ళి వచ్చే ఐదు నిమిషాలే వాటికి కావలసింది. జాలీ లేకుండా చెట్టుమీద వదిలితే మరీ ప్రమాదం. ఊసరవెల్లి నడక చూస్తే నవ్వొస్తుంది, అడుగు వేద్దామా వద్దా అన్నట్టు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఈ నడకతో ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం. ఒక్కసారి చూపు తిప్పి మళ్ళీ చూస్తే ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది, పట్టపగలు దీపం పెట్టి వెతికినా దొరకదు. కొందరు నడుముకి తాడు కడతారట. అంత సన్నని పక్కటెముకల ప్రాణికి, అందులోనూ ఎముకలు మెత్తబడ్డదానికి, తాడు కట్టాలన్న బుద్ధి ఎట్లా పుడుతుందో నాకు అర్థం కాదు.

ఆ యెమెన్ ప్రాణి ఇప్పుడు కొమ్మ గట్టిగా పట్టుకుంటోంది. వంగిన కాళ్ళు మాత్రం వంగే ఉన్నాయి; అవి ఇక నిటారు కావు. “బాబాయ్, దానికి ఇవాళ కోపంగా ఉంది” అని ఆ పిల్ల రంగు చూసి చెబుతుంటుంది. నేను మూడేళ్ళు డిగ్రీ చదివి నేర్చుకోనిది అది కుర్చీలో కూర్చుని నేర్చుకుంది.

కాపలా లేకుండా బయట వదిలితే ఏమవుతుందన్నదానికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. 1972లో హవాయి దీవుల్లోని ఒవాహులో ఒక పెంపుడు జంతువుల వ్యాపారి కెన్యా నుంచి కొన్ని డజన్ల ఊసరవెల్లుల్ని తెప్పించుకున్నాడు. జాక్సన్ ఊసరవెల్లి అంటారు, మగదానికి ముఖాన మూడు కొమ్ములుంటాయి. ప్రయాణంలో అవి బక్కచిక్కి, ఒంట్లో నీరు లేక వాడిపోయి వచ్చాయి. పాపం కోలుకుంటాయని పెరట్లో వదిలాడాయన. కావాలన్నప్పుడు మళ్ళీ పట్టుకోవచ్చనుకున్నాడు. ఆలోచన మంచిదే, మనసూ మంచిదే. అవి మాత్రం పెరడు దాటి చుట్టుపక్కలంతా పాకిపోయాయి. ఈ జాతి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. చూలుతో ఉన్న ఒక్కటి తప్పించుకున్నా ఒక ఊరు వెలిసినట్టే. తర్వాత మనుషులే ముచ్చటపడి ఒక దీవి నుంచి ఇంకో దీవికి మోశారు. హవాయి అడవుల్లో చెట్ల మీద బతికే నత్తలు కొన్ని ఉన్నాయి, ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి, అసలే అంతరించిపోతున్నవి. 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆ అడవుల్లో పట్టిన ఊసరవెల్లుల కడుపుల్లో ఆ నత్తలు దొరికాయి. ఒక మనిషి పెరట్లో చేసిన జాలి పని ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి. ఫ్లోరిడాలో కూడా ఇదే వరస. మా అన్న పెంచుతున్న యెమెన్ జాతే అక్కడ తప్పించుకునీ, వదిలేయబడీ కాపురాలు పెట్టింది. ఆ బోనుకున్న జాలీ లోపలి ప్రాణిని కాపాడటానికి ఎంత అవసరమో, బయటున్న నేలను కాపాడటానికీ అంతే అవసరం. ఈ రెండో సంగతి పెంచేవాళ్ళకు సాధారణంగా తట్టదు.

ఇక మన సంగతికొద్దాం. మన దేశంలో సొంత ఊసరవెల్లి జాతి ఒక్కటే ఉంది. గంగకు దక్షిణాన ఉన్న పొడి నేలల్లో, శ్రీలంకలో కనబడుతుంది. మన ఆంధ్ర, తెలంగాణ మెట్ట పొలాల గట్ల మీద, కంపల్లో, చింతచెట్ల మీద ఉండేది అదే. 1972లోనే, అంటే హవాయిలో ఆ పెరటి కథ జరిగిన ఏడే, మనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం మన ఊసరవెల్లిని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. విదేశీ జాతుల వ్యవహారం మొన్నమొన్నటిదాకా అస్పష్టంగా ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి, 2024లో నిబంధనలు తెచ్చి, అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉన్న విదేశీ ప్రాణులు ఎవరి దగ్గరున్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలన్నారు. యెమెన్ ఊసరవెల్లి ఆ జాబితాలోదే. ఫోన్లో “అన్నా, డోర్ డెలివరీ” అని మెసేజ్ పెట్టేవాడు మీకు కాగితాలు చూపిస్తాడా? పైగా అది ఎక్కడ పుట్టిందో, ఎన్ని రోజులు ఏ డబ్బాలో నీళ్ళు లేకుండా ప్రయాణం చేసిందో వాడికీ తెలియదు. అందుకే హాస్టల్లో ఆ నలుగురికీ నా జవాబు ఒకటే: వద్దు. ఉదయం ఎనిమిదింటికి మెస్సులో ఇడ్లీ అయిపోతుందని పరిగెత్తే మనం, అరగంట బోను పక్కన కూర్చుంటామా?

చట్టం ఉందని మా ఊరి పిల్లలకి తెలియదు. ఊసరవెల్లి కనబడితే నడుముకి దారం కట్టి ఊరేగించడం, నోట్లో పొగాకు పెట్టి అది తూలుతుంటే నవ్వడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అది విషపు జంతువని పెద్దవాళ్ళే చెబుతారు, అందుకే కొడితే పుణ్యమనుకుంటారు. దానికి విషం లేదు, మనిషిని చంపే శక్తి అసలే లేదు. దాని దగ్గరున్న ఆయుధమల్లా ఒంటికంటే పొడవుగా సాగే నాలుక, అదీ పురుగుల మీదే. రెండు కళ్ళూ రెండు దిక్కులకు తిప్పి మిడతను చూస్తుంది, చూశాక రెండు కళ్ళూ ఒకేచోట నిలిపి గురి పెడుతుంది. మన చేలో మిడతలు తినే ప్రాణిని మనమే రాళ్ళతో కొట్టి, ఆ తర్వాత మిడతల మందు కోసం దుకాణం దగ్గర అప్పు రాయించుకుంటున్నాం.

మన ప్రాక్టికల్ క్లాసులో స్పాటర్లలో సీసాలో ఒక ఊసరవెల్లి ఉంటుంది. బూడిద రంగులో, తోక చుట్టుకుని, కళ్ళు పీక్కుపోయి. దాని బొమ్మ వేసి, కాళ్ళ వేళ్ళు రెండూ మూడూగా అతుక్కుని పటకారులా ఉంటాయని రాసి, మార్కులు తెచ్చుకుంటాం. రంగుల గురించి రెండు వాక్యాలు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చినది ఏమిటంటే, దాని చర్మంలోని కొన్ని కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మమైన స్ఫటికాలు వరసలుగా పేర్చి ఉంటాయి; అవి దగ్గరగా ఉన్నప్పుడు నీలిరంగు వెలుతురు తిరిగొస్తుంది, పసుపు రంగు పొరలోంచి వస్తే మనకు ఆకుపచ్చగా కనబడుతుంది; అది ఉద్రేకపడితే ఎడం పెరిగి పసుపు, ఎరుపు వైపు పోతుంది. ఇది బతికున్న కణాలు చేసే పని. సీసాలో ఉన్నదాన్ని ఎంతసేపు చూసినా తెలిసేది కాదు. ఊసరవెల్లిని చూడాలన్న కోరిక తప్పని నేను అనను. చూడాలి. అది ఉన్నచోటికి మనం పోయి చూడాలి.

కానీ అది ఉన్నచోటు ఎక్కడ మిగిలింది? నిజం చెప్పాలంటే ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది దీని గురించే. మా ఊళ్ళో పొలాల గట్ల మీద ఒకప్పుడు కలబంద, తుమ్మ, తంగేడు, కానుగ కలిసి మనిషెత్తు కంప ఉండేది. ఇప్పుడు జేసీబీ గంటకింత అని మాట్లాడుకుంటే ఒక్క పూటలో గట్టు నున్నగా అయిపోతుంది. ఆపైన కలుపు మందు. ఊసరవెల్లికి కొమ్మ నుంచి కొమ్మకు పోయే దారి ఆ కంపే. దారి తెగితే అది నేలమీద నడవాలి, నేలమీద దాని నడక గురించి పైన చెప్పాను. పోయినేడు మా నాయన తూర్పు గట్టు కొట్టించేటప్పుడు నేను వద్దన్నాను. “గట్టు కొడితే రెండు సాళ్ళు ఎక్కువొస్తాయి రా. నీ ఊసరవెల్లి వచ్చి బ్యాంకు అప్పు కడతాదా?” అన్నాడు. మూడేళ్ళలో రెండేళ్ళు వేరుశనగ పెట్టుబడి కూడా రాని మనిషితో నేనేం వాదించను? పుస్తకంలో చదివిన మాటలు ఆ గట్టు మీద నిలబడి చెప్పడం కష్టం. ఉత్తరపు గట్టు మాత్రం కొట్టించలేదు. నా మాట విని కాదు, అడవిపందులు ఆ వైపు నుంచే వస్తాయి, కంప అడ్డంగా ఉంటుందని. ఏ కారణమైతేనేం, ఈ సంక్రాంతి సెలవుల్లో ఆ కంపలో ఒకదాన్ని చూశాను. పొద్దుటి ఎండకి ఒక పక్క నల్లగా చేసుకుని కూర్చుంది. దాని ఎండ అది కాచుకుంటోంది, జాలీ అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, నీళ్ళ గిన్నెలు అక్కర్లేదు. గట్టుకు ఒక వైపు కంప వదిలిన రైతుకు ఏదైనా కాస్త ఇచ్చే పద్ధతి ప్రభుత్వం పెడితే మా నాయన లాంటివాళ్ళు కాదంటారని నేననుకోను. చెట్లు నాటిన లెక్కకి ఫోటోలు తీసుకునే మనం, ఉన్న కంపను ఉంచినవాడి ఫోటో ఎందుకు తియ్యమో తెలియదు.

చివరగా ఒక చిన్న పని చెబుతాను, మోటారు సైకిళ్ళున్న మిత్రులకు ముఖ్యంగా. గుడ్లు పెట్టే రోజుల్లో ఆడ ఊసరవెల్లి కొమ్మ దిగి మెత్తని మట్టి వెతుక్కుంటూ పోతుంది, రోడ్డు అడ్డమొస్తే రోడ్డు మీదే ఊగుతూ నడుస్తుంది. అటువంటిది కనబడితే బండి పక్కకి ఆపండి. వెనకనుంచి వచ్చే లారీకి చెయ్యి ఊపండి. చేత్తో పట్టుకోకండి, నోరు తెరిచి బుసకొడుతుంది, మీరు భయపడి విసిరేస్తారు. ఒక పొడుగు పుల్ల దాని ముందరి కాళ్ళ దగ్గర పెడితే అదే ఎక్కి పట్టుకుంటుంది. అది ఎటు మొహం పెట్టి నడుస్తుందో అటువైపు పొదలోనే దించండి, వచ్చినవైపు కాదు. వచ్చినవైపు దించితే మళ్ళీ మొదటినుంచీ రోడ్డు దాటడం మొదలుపెడుతుంది.